వెనక తంబురా

ఒంగోలు,
శ్రావణ శుక్రవారం

చి. సౌ. బిందుమాధవికి,

ఆశీస్సులు. ఎలా ఉన్నావని అడగను. అడిగితే బాగున్నానంటావు, అది విని నేనేం చేసుకోవాలి? నువ్వు నా గడప తొక్కి రెండేళ్ళు దాటింది. గుంటూరు కచేరీలో నిన్ను మధ్యలో ఆపానని అలిగి వెళ్ళినదానివి, ఇప్పటిదాకా అలకపాన్పు దిగలేదు. ఈలోగా సత్తెనపల్లిలో ఏదో ప్రైవేటు బడిలో మ్యూజిక్ టీచరుగా చేరావని, పిల్లల చేత చప్పట్లు కొట్టిస్తూ పాటలు పాడిస్తున్నావని విన్నాను. అన్నేళ్ళు నా ఎదుట కూర్చుని నేర్చుకున్నది చప్పట్లకైనా అక్కరకొచ్చింది, సంతోషం.

ఫోన్ చెయ్యక ఉత్తరం ఎందుకంటే, ఈ మధ్య ఫోన్లలో మనుషుల గొంతులు మనుషుల గొంతుల్లా ఉండటం లేదు. డబ్బాలో కప్పల్ని పోసి ఊపినట్టు ఉంటున్నాయి. నా చేతిరాత చదవడం నీకు అలవాటే కదా.

సంగతేమిటంటే, ఇక్కడి సంగీత సభకి ఈ మాఘంలో యాభై ఏళ్ళు నిండుతాయి. సెక్రటరీ రామకాంత్ వచ్చి నాకు సన్మానం చేస్తామన్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పి పంపేస్తారట. ముందు నా పాట పూర్తిగా వినండి, విన్నాక కూడా కప్పాలనిపిస్తే అప్పుడు కప్పండి అన్నాను. డెబ్బై దాటిన మనిషి పూర్తి కచేరీ చేస్తుందా అన్న అనుమానం వాడి మొహం మీద ఈగలా వాలింది. చేస్తుంది. వయొలిన్‌కి మన లక్ష్మీనరసింహం ఉన్నాడు. వెనక కూర్చుని తంబురా మీటుతూ, నాకు ఊపిరి చాలనిచోట అందుకుని పాడే మనిషి కావాలి. నా శిష్యురాళ్ళలో ఒకతె టీవీ పోటీలకి పిల్లల్ని తయారుచేస్తోంది. ఇంకొకతె యూట్యూబులో కూరలు తరుగుతూ పాడుతోంది. మిగిలింది నువ్వు. ఏరి కోరి పిలిచాననుకుని పొంగిపోకు.

తంబురాకి కొత్త తీగలు వేయించాను. వేసినవాడు దాని గొంతు నొక్కేశాడు, ఎంత మెలితిప్పినా షడ్జం కలవదు. విసిగి కరెంటు శ్రుతిపెట్టె కొన్నాను. అదీ దొంగదే. కార్తీకంలో ఒకసారి వచ్చి చూడు.

కామేశ్వరి

*

సత్తెనపల్లి,
సెప్టెంబరు

పూజ్యులు గురువుగారికి,

నమస్కారాలు. కవరు మీద మీ అక్షరాలు చూసి చాలాసేపు చింపలేకపోయాను. మా ఆయన శ్రీకృష్ణ పక్కనే కూర్చుని, తిట్లే కదా, ఉత్తరంలో తిడితే దెబ్బ తగలదు, చదువు అన్నాడు. ఆయన పత్తి, మిరప పండించే మనిషి. మీరంటే ఆయనకి పురుగుమందు డబ్బా మీద బొమ్మంత భయం.

నేను అలగలేదండి. అలిగేంత చనువు మీరెప్పుడిచ్చారు? గుంటూరులో నేను తోడి ఎత్తుకుని తారస్థాయికి వెళ్ళగానే మీరు ముందు వరసలోంచి లేచి, నిండు సభలో "ఆపు" అన్నారు. మైకు లేకపోయినా చివరి వరస దాకా వినపడింది. నేను స్టేజి దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండుకి నడిచాను. ఆ తరవాత ఇంట్లో తంబురా ముందు కూర్చుంటే, ఏ స్వరం పెట్టబోయినా ఇదీ తప్పేనేమో అని గొంతు ఆగిపోయేది. మా ఆయన ఫోన్‌లో శ్రుతి కొలిచే యాప్ ఒకటి పెట్టాడు. సరిగ్గా పాడితే ఆకుపచ్చ గీత వస్తుందట. పాడాను, ఆకుపచ్చగానే వచ్చింది. యంత్రాన్ని నమ్మాలా, మిమ్మల్ని నమ్మాలా? మిమ్మల్నే నమ్మాను. కచేరీలు మానేశాను. గుంటూరు కచేరీలో మా ఆయన నా పాట రికార్డు చేశాడు. అది ఇప్పటికీ ఆయన ఫోన్‌లో ఉంది. వినే ధైర్యం నాకు లేదు.

ఇప్పుడు పొద్దున బడిలో ప్రేయరు, మధ్యాహ్నం పిల్లల క్లాసులు, సాయంత్రం మా పాప శ్రీజ చేత హోంవర్కు చేయించడం. మిరప నాట్లప్పుడు కూలీలకి టీ కాచి చేనుకి తీసుకెళతాను. సంగీతానికి ఒక మూల, సంసారానికి ఒక మూల ఇచ్చుకుని ఏదో సమతూకం కుదుర్చుకున్నాను. ఏడుపు రావడం తగ్గింది.

అపశ్రుతి మనిషినని మీరే తేల్చారు. అలాంటి మనిషిని మీ వెనక కూర్చోబెట్టుకుంటారా?

మీ శిష్యురాలు,
బిందుమాధవి

*

ఒంగోలు,
విజయదశమి మర్నాడు

బిందుమాధవికి,

సమతూకం కావాలంటే గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళి కాటా ఎక్కు. పాటలో ఆ మాట లేదు. పాట మనిషిని మొత్తం అడుగుతుంది. ఇవ్వలేనివాళ్ళు కుదుర్చుకున్నామంటారు, సర్దుకున్నామంటారు. నాకు పెళ్ళైన కొత్తలోనే పిల్లలు వద్దని చెప్పేశాను. ఆయన సరేనన్నారు. పోయేదాకా సాయంత్రాలు జేబునిండా పిప్పరమెంట్లు పోసుకుని వీధిలో పిల్లలకి పంచుతూ తిరిగారు. నేను లోపల కల్యాణి పాడుకుంటూ కిటికీలోంచి చూసేదాన్ని. చూసి పాట ఆపలేదు. ఒక్కరోజు కూడా ఆపలేదు. నువ్వైతే ఆపేసి, కళ్ళు తుడుచుకుని, సమతూకం అని ఉత్తరం రాసేదానివి.

నువ్వు వెనక కూర్చోవడానికి పనికొస్తావా అంటే, వెనక కూర్చునేవాళ్ళకి గొప్ప గొంతు అక్కర్లేదు, బుద్ధి ఉంటే చాలు. నా పంతొమ్మిదో ఏట పొదిలిలో శ్రీరామనవమి పందిట్లో మా గురువుగారి వెనక కూర్చున్నాను. ఆయన ముఖారిలో ఒకచోట దారి తప్పారు. నేను గట్టిగా సరైన స్వరం అందించి ఆయన్ని లాక్కొచ్చాను. జనం చప్పట్లు కొట్టారు. ఇంటికెళ్ళాక ఆయన ఏడాదిపాటు నన్ను తంబురా ముట్టుకోనివ్వలేదు. తప్పింది ఆయనని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా తప్పు నాదే. శిష్యులు గురువుని సరిదిద్దకూడదు. వెనక కూర్చున్నవాళ్ళు గురువు ఎటు పోతే అటు పోవాలి, గోతిలోకైనా సరే. నీ మొదటి పాఠం రోజునే ఇది చెప్పాను. మరిచిపోయి ఉంటావు, అందుకని మళ్ళీ రాస్తున్నాను.

ఈ ఊరు ఊరంతా శ్రుతి తప్పిందే. గుళ్ళో గంట, పక్కింటి కాలింగ్ బెల్లు, రైలు కూత, ఒక్కటీ నిలబడి పలకదు. వచ్చేటప్పుడు నీ శ్రుతిపెట్టె తెచ్చుకో, నాది పనికిరాదు.

కామేశ్వరి

*

సత్తెనపల్లి,
కార్తీకం ఆఖరు

గురువుగారికి,

నమస్కారాలు. క్షేమంగా చేరాను. మా ఊరి చేలల్లో పత్తి తీతలు జరుగుతున్నాయి, బస్సు కిటికీలోంచి అంతా తెల్లగా కనపడింది. ఇలాంటి సంగతులు మీకు పట్టవని తెలుసు. రాయాల్సిన సంగతి రాయడానికి చెయ్యి రాక ఇవి రాస్తున్నాను.

మీ ఇంట్లో తంబురా నేను శ్రుతి చేశాను. బాగా కలిసింది, గది నిండా మోగింది. మీరు మొహం చిట్లించి, బిరడ పట్టుకుని తిప్పారు. ఇంకా తిప్పారు. నాలుగు తీగలూ నాలుగు దిక్కులకి పోయాక కళ్ళు మూసుకుని "ఇప్పుడు పలికింది" అన్నారు. ఆ తరవాత పాడారు. నేను మీ మొహం వంక చూడలేక గోడ మీది కాలెండరు చూస్తూ కూర్చున్నాను. నేను తెచ్చిన శ్రుతిపెట్టె కూడా దొంగదే అన్నారు. దానితోనే రోజూ బడిలో నలభై మంది పిల్లలు పాడుతున్నారు.

తంబురా చెడిపోలేదు గురువుగారూ. శ్రుతిపెట్టె చెడిపోలేదు. గుడిగంటా, రైలూ చెడిపోలేదు. మీ చెవి చెడిపోయింది. ఎన్నాళ్ళ నుంచో మీరు చెప్పరు. అందుకే బస్సులో కూర్చుని నేనే ఆలోచించుకున్నాను. గుంటూరు నాటికే చెడిపోయి ఉండాలి. ఆ రోజు నా పాట శ్రుతిలోనే ఉంది. ఆకుపచ్చ గీత అబద్ధం చెప్పలేదు. వినపడని చెవితో మీరు తీర్పు చెప్పారు, వినపడే చెవి ఉండి నేను దాన్ని నమ్మాను. అప్పటి నుంచి నోరు మూసుకుని బతికాను.

చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళారా?

బిందుమాధవి

*

ఒంగోలు,
డిసెంబరు

బిందుమాధవికి,

నా చెవి సంగతి చెప్పడానికి నువ్వెవతివే? నా ఇంట్లో కాఫీ తాగి, నా చాప మీద కూర్చుని, నా చెవికి పేరు పెట్టి వెళ్ళావు. మూడు రోజులు నీ ఉత్తరం పొయ్యి గట్టు మీద పడేశాను, పాలు పొంగినప్పుడు తడిస్తే పీడా పోతుందని. తడవలేదు.

సరే. వయసైంది. డాక్టరు మిషను పెట్టుకోమన్నాడు. పెట్టుకుంటే తంబురా రేకు డబ్బాలా మోగింది, తీసి బీరువాలో పడేశాను. కుడిచెవికి షడ్జం ఒకచోట పలుకుతుంది, ఎడమచెవికి ఇంకొకచోట. రెంటి మధ్యా నేను నిలబడి ఎవరిని నమ్మాలో తెలియక చస్తున్నాను. ఇది చదివి చింపెయ్యి. రామకాంత్‌కి తెలిస్తే కుర్చీ, శాలువా మాత్రమే మిగులుతాయి. నాకు కావలసింది శాలువా కాదు. ఒక్కసారి, చివరిసారి, పూర్తిగా పాడి లేవాలి. పాట తప్ప నాకు ఇంకేమీ లేదని నీకు తెలుసు. తెలియకపోతే ఇన్నేళ్ళు నా దగ్గర ఏం నేర్చుకున్నావు?

గుంటూరు సంగతి ఇప్పుడెందుకు? ముందు పని చూడు.

పని ఇది. నువ్వు నా వెనక, చెయ్యి అందేంత దగ్గరలో కూర్చో. నేను శ్రుతికి ఒక పిసరు తగ్గితే నా కుడి భుజం మీద వేలితో తాకు. హెచ్చితే ఎడమ భుజం. పైట కొంగు సర్దుతున్నట్టు తాకితే ఎవరికీ అనుమానం రాదు. గొంతు ఇంకా నా మాట వింటుంది, ఎటు పోవాలో చెబితే పోతుంది. నువ్వు తాకకపోతే సరిగ్గా ఉన్నట్టు లెక్క.

శిష్యులు సరిదిద్దకూడదన్నది నేనే. ఆ రోజుకి మటుకు సరిదిద్దు. అడుగుతున్నాను.

కామేశ్వరి

*

సత్తెనపల్లి,
ధనుర్మాసం

గురువుగారికి,

వస్తాను.

బిందుమాధవి

*

ఒంగోలు,
కచేరీ అయిన మర్నాడు

బిందుమాధవికి,

నీ చెయ్యి ఏమైందే?

మొదటి వర్ణం నుంచీ నీ వేలి కోసం నా రెండు భుజాలూ కాచుకుని కూర్చున్నాయి. తాకలేదు. అంటే సరిగ్గా ఉందనుకున్నాను. ఇంకొంచెం ధైర్యం చేశాను. తోడి పెట్టను అనుకున్నదాన్ని, నువ్వు ఉన్నావు కదా అని తోడి కూడా పెట్టాను. నా పాట నాకే వినపడకపోయినా, నువ్వు వింటున్నావని హాయిగా పాడాను. అంత హాయిగా పాడి ఎన్నాళ్ళైందో.

కళ్ళు తెరిచేసరికి లక్ష్మీనరసింహం కమాను ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని ఉన్నాడు. నలభై ఏళ్ళలో ఆ మనిషి నా పాట మధ్యలో కమాను దించలేదు. ముందు వరసలో పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు, వాళ్ళ తల్లులు వాళ్ళని గిల్లుతూ తామూ నవ్వు ఆపుకుంటున్నారు. రాగం ఇంకా పూర్తి కాలేదు, రామకాంత్ శాలువా పట్టుకుని స్టేజి ఎక్కాడు. కప్పి, రెండు చేతులతో నా భుజాలు పట్టుకుని నొక్కి, మైకు తన వైపు తిప్పుకున్నాడు. సన్మానం కోసం కప్పలేదు, నా నోరు ఆపడానికి కప్పాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు మాత్రం నాకు బాగా వినపడ్డాయి.

తిరిగి చూస్తే నువ్వు లేవు. తంబురా గోడకి ఆనించి ఉంది.

ఎవరూ నాతో ఏమీ చెప్పడం లేదు. అందరూ అద్భుతం అంటున్నారు. నువ్వైనా నిజం రాయి. ఎంత తప్పింది?

కామేశ్వరి

*

సత్తెనపల్లి,
మిరప కోతల రోజులు

గురువుగారికి,

పూర్తిగా తప్పింది. మొదటి వర్ణంలో పల్లవి నుంచే తప్పింది. కల్యాణికి వచ్చేసరికి మీరు ఒక దారిన, తంబురా ఒక దారిన ఉన్నారు. తోడి గురించి రాయను, అడగలేదనుకోండి.

నా చెయ్యికి ఏమీ కాలేదు. తంబురా మీదే ఉంది. మీ రెండు భుజాలూ నాకు కనపడుతూనే ఉన్నాయి. మధ్యలో రెండుసార్లు మీరు ఎడమ భుజం కొద్దిగా వెనక్కి జరిపారు, అందుతుందో లేదో అని కాబోలు. అందింది. తాకలేదు. శిష్యులు గురువుని సరిదిద్దకూడదని మీరే నేర్పారు. ఏడాది శిక్ష పడేంత తప్పు అది. ఆ ఒక్క రోజుకి రాయితీ ఇచ్చారు కానీ, నాకు పాత పాఠమే బాగా వచ్చు.

వెనక పాట కూడా మానలేదు. మీరు ఎటు పోతే అటు వచ్చాను, గోతిలోకి కూడా. మీరు తప్పిన స్వరాన్ని తప్పినట్టే, వెంట్రుకవాసి తేడా లేకుండా పట్టుకుని పాడాను. తంబురా నా చెవి పక్కనే మోగుతుంటే, దాన్ని కాదని మీ అపశ్రుతిని అంత సరిగ్గా అనుసరించడానికి ఎంత శ్రుతిజ్ఞానం కావాలో మీకంటే తెలిసినవాళ్ళు లేరు. నాకు శ్రుతి ఉందని ఆ రోజు నాకు నమ్మకం కుదిరింది.

గుంటూరులో మీరు "ఆపు" అన్నప్పుడు నేను ఎలా దిగానో, మీరు శాలువా కప్పుకుని అలాగే దిగారు. నేను వెనక గుమ్మంలోంచి చూశాను. ఇంటికొచ్చి, చాలా కాలం తరవాత, మారు అన్నం వడ్డించుకుని తిన్నాను.

బిందుమాధవి

*

ఒంగోలు,
శివరాత్రి

బిందుమాధవికి,

ఆశీస్సులు రాయడం అలవాటు, రాయడం లేదు.

నీ ఉత్తరం చదివాను. కళ్ళు బాగానే ఉన్నాయి, అదే నా ఖర్మ. కక్ష బాగా తీర్చుకున్నావు, ఎక్కడా తాళం తప్పలేదు. నా శిష్యురాలివే. ఒక్కచోట మటుకు లెక్క తప్పావు.

నా చెవి పోయింది నిరుడు శివరాత్రికి. జలుబు చేసి, పొద్దున్నే లేచి తంబురా మీటితే రెండు షడ్జాలు పలికాయి. ఆ రోజు ఎలా ఉందో నీకు చెప్పినా తెలియదు. గుంటూరు కచేరీ అంతకు రెండేళ్ళ ముందు. అప్పటికి నా చెవి నా చెవే. గోడ అవతల ఎవరైనా వయొలిన్ తీగ బిగిస్తుంటే ఎక్కడ ఆపాలో ఇవతల కూర్చుని చెప్పేదాన్ని. ఆ రోజు నువ్వు తగ్గావు. తోడిలో పైకి వెళ్ళిన ప్రతిసారీ తగ్గావు. నీ గొంతూ చెవీ రెండూ మంచివే, అన్నేళ్ళలో ఎప్పుడూ అలా తగ్గలేదు. ఆ పూట మనసు ఎక్కడ పెట్టి వచ్చావో నాకు తెలియదు.

ఈ మాట డిసెంబరులోనే రాయొచ్చు. రాస్తే నువ్వు రావు. నీ పాట తప్పని నేనే మళ్ళీ చెబితే నా వెనక ఎవరు కూర్చుంటారు? నా చెవిదే పాపం అనుకుంటే జాలిపడి వస్తావని ఊరుకున్నాను. వచ్చావు. జాలి మాత్రం తీసుకురాలేదు.

నీ సమతూకాన్ని వెక్కిరించాను. ఇప్పుడు అర్థమైంది. ఒకటి కూలిపోతే వెళ్ళి కూర్చోవడానికి ఇంకొక చోటు ఉండటం అన్నమాట. నీకు బడి ఉంది, పాప ఉంది, మిరపచేను ఉంది. నాకు ఆ చోటు లేదు. పొద్దున లేచి ఏం చెయ్యాలో తెలియక ఇల్లు రెండుసార్లు ఊడుస్తున్నాను. తంబురా తీగలు విప్పేసి చుట్టి పెట్టాను.

ఇక రాయకు.

కామేశ్వరి

*

సత్తెనపల్లి,
ఫాల్గుణం

గురువుగారికి,

రాయకు అన్నారు. ఇదొక్కటీ రాసి ఆపుతాను.

మీరు కక్షతో అబద్ధం రాశారనే అనుకున్నాను. వారం రోజులు అలాగే అనుకుని తిరిగాను. నిన్న కళ్ళంలో మిరపకాయలు ఎండబోసి, ఘాటుకి తుమ్ముతూ కూర్చున్నప్పుడు మా ఆయన్ని ఫోన్ అడిగాను. ఆ రికార్డు పెట్టాను. యాప్ తెరవలేదు, నా చెవితోనే విన్నాను. తగ్గింది. పైకి వెళ్ళిన ప్రతిసారీ తగ్గింది. ఆకుపచ్చ గీత వచ్చింది తరవాత ఇంట్లో పాడినప్పుడు. గుంటూరు పాటకి ఏ రంగు వస్తుందో నేనెప్పుడూ చూడనేలేదు.

ఆ రోజు శ్రీజకి జ్వరం. ఒళ్ళు కాలిపోతుంటే మా అత్తగారి చేతిలో పెట్టి వచ్చాను. మీకు చెబితే, అయితే ఇంట్లోనే ఉండు అంటారని చెప్పలేదు. పైకి వెళ్ళిన ప్రతిసారీ పాప ఏడుపు గుర్తొచ్చింది. మొత్తం ఇవ్వాలన్నారు మీరు. నేను ఇటూ ఇవ్వలేదు, అటూ ఇవ్వలేదు.

ఇంకొకటి కూడా ఉంది అందులో. మా ఆయన ఫోన్ స్టేజి అంచున పెట్టి ఉంది, నేను దిగిపోయాక దాన్ని ఎవరూ ఆపలేదు. కుర్చీల చప్పుడు మధ్య మీ గొంతు వినపడుతుంది. లక్ష్మీనరసింహం గారితో అంటున్నారు. "వెళ్ళనివ్వకండి, పిలవండి. శ్రుతి చూసుకుని మళ్ళీ ఎత్తుకోమనండి, బాగా పాడుతుంది." అప్పటికి నేను బస్టాండు దారిలో ఉన్నాను. మీరు నన్ను పాడొద్దనలేదు. ఇన్నాళ్ళూ నా నోరు మూసింది నేనే. దానికి మీ మీద శాలువా కప్పించాను.

మీ కచేరీ రోజున నా చెయ్యి మీ భుజానికి జానెడు దూరంలో ఉంది. క్షమించమని అడగడం లేదు. మీరు క్షమించరని తెలుసు, క్షమిస్తే మీరు మీరే కాదు.

ఇవాళ పొద్దున పిల్లల్ని కూర్చోమని, ప్రేయరులో నేను ఒక్కదాన్నే తోడి పాడాను. పైకి వెళ్ళాను. తగ్గలేదు. నా చెవికి బాగా తెలిసింది. అది మీకు ఎలా వినిపించాలో తెలియక ఈ ఉత్తరం రాశాను.

మీ శిష్యురాలు,
బిందుమాధవి